మేకు కొట్టకూడని ఇల్లు

రెండో మేకు సగం దిగిందో లేదో కింద నుంచి కేక వినిపించింది.

"అక్కా, ఆపు! సుత్తి పక్కన పెట్టు!"

గెక్ లాన్ వెంటనే ఆపలేదు. ఆమె మోకాళ్ళ కింద ఒక్క పలక ఉంది, ఆ పలకకి అటూ ఇటూ నేల లేదు. మేడ మీది ముందు గదిలో ఏడు పలకలు ఊడదీసి గోడకి చేరవేసింది. ఆ ఖాళీలోంచి కింది గదీ, ప్లాస్టిక్ పట్టా కప్పిన మంచాలూ, వాటి మధ్య తలెత్తి చూస్తున్న తమ్ముడు కియట్ సెంగ్ కనిపిస్తున్నారు. ఇంటి పని మొదలైన ఈ పద్నాలుగు నెలల్లో అతను పని జరిగేచోటికి తలెత్తి చూడటం అదే మొదటిసారి. అందుకని ఆమె నోట్లో పట్టుకున్న మేకులు తీసి చేతిలో వేసుకుంది.

"ఏంట్రా, ఏం కొంప మునిగింది?"

"ముందు కిందికి దిగు. చెప్తాను."

దిగింది. మండువాలో ఎండ నిట్టనిలువుగా పడుతోంది. ఆ మండువాలోనే ఒక మూల గ్యాస్ పొయ్యి, ఇంకో మూల సున్నం నానబెట్టిన తొట్టి, మధ్యలో అన్నం తినే బల్ల. వంటింటి కప్పు విప్పిన దగ్గర్నుంచీ ముగ్గురి కాపురం అక్కడే. గంజిలో సున్నపు పలుకు తగలని రోజు లేదు. వంటింటి గుమ్మానికి ఆనుకుని మరదలు మే ఫాంగ్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. చూపు మాత్రం గుమ్మం గొళ్ళెం మీద ఉంది.

"తనకి రెండో నెల," అన్నాడు కియట్ సెంగ్.

గెక్ లాన్‌కి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. పెళ్ళయి పదకొండేళ్ళు. డాక్టర్లయ్యారు, మొక్కులయ్యాయి, కషాయాలయ్యాయి. ఆమె కళ్ళు నిజంగానే చెమర్చాయి. ఇద్దరు ఆడవాళ్ళకీ ఒకరి పొడ ఒకరికి గిట్టదన్న మాట ఆ క్షణాన మర్చిపోయి, వెళ్ళి మరదలి చెయ్యి పట్టుకోబోయింది.

"మీ చేతుల నిండా సున్నం," అని మే ఫాంగ్ తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కడుక్కుని వస్తాలే. ఎంత మంచి మాట చెప్పావురా!"

"అందుకే చెప్తున్నా," అన్నాడు తమ్ముడు. "ఇంక ఇంట్లో మేకు కొట్టకూడదు. రంపం పెట్టకూడదు, చిల్లు పొడవకూడదు, బరువు వస్తువు జరపకూడదు. గర్భదేవత ఏ తలుపులో ఉంటుందో, ఏ మంచం కింద ఉంటుందో తెలీదు. దానికి దెబ్బ తగిలితే బిడ్డకి తగిలినట్టే. నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. పక్కింటి కోడలు కడుపుతో ఉండగా వాళ్ళ మామ పటానికి మేకు కొడితే, పుట్టిన పిల్లాడి చెవికి చిల్లు ఉందని గెక్ లాన్ చిన్నప్పుడు కళ్ళారా చూసింది. సుత్తి ఇంకా చేతిలోనే ఉందని గమనించి, అదేదో కాలుతున్నట్టు బల్ల కింద పెట్టేసింది.

అప్పుడు గుర్తొచ్చింది. "మరి ఆదివారం?"

ఇల్లు వాళ్ళ వంశ సంఘానిది, అంటే ఒకే ఇంటిపేరున్న చీనా కుటుంబాలన్నీ కలిసి నడిపే సంఘానిది. ఈ సందులో సగం ఇళ్ళు సంఘానివే. అటుపక్క రెండు, ఇటుపక్క ఒకటి ఖాళీ చేయించి టూరిస్టుల బసలు చేసేశారు. వీళ్ళకి మాత్రం, ఇంటిని మీ చేతుల్తో నిలబెట్టుకుంటే ఇంకో అయిదేళ్ళు ఉండనిస్తామన్నారు. గడువు ఆదివారం. ఆ రోజు సంఘం పెద్ద బూన్ టెక్ వచ్చి ఇల్లు చూస్తాడు. కప్పు పెంకులు గెక్ లాన్ నేసింది. గోడలకి సిమెంటు గీకేసి సున్నం పట్టించింది. మిగిలింది మేడ మీది ఈ ఒక్క గది. అందులో ఒక దూలం, గోడలోకి దూరిన చివర, చెదలు తినేసి వేలు పెడితే పొడి రాలుతోంది. దానికి తోడుగా ఇంకో దూలం దించి, పలకలు మళ్ళీ పరిస్తే పని అయిపోయినట్టే.

"బూన్ టెక్ తాతని వాయిదా అడుగుదాం," అంది గెక్ లాన్. "ఇదీ సంగతని చెబితే ఆయన కాదంటాడా?"

"ఎలా చెప్తాం? మూడు నెలలు నిండకుండా బయట ఎవరికీ చెప్పకూడదు."

అదీ నిజమే. పని చెయ్యకూడదు, ఎందుకు చెయ్యడం లేదో చెప్పకూడదు.

"పోతే పోతుంది అక్కా," అన్నాడు కియట్ సెంగ్ మెత్తగా. "బిడ్డ కంటే ఇల్లు ఎక్కువా?"

గెక్ లాన్ మిగిలిన మేకులు డబ్బాలో వేసి మూత పెట్టింది.

మర్నాడు గెక్ లాన్ చప్పుడు లేని పనులు వెతుక్కుంది. గోడలో పాత మేకుల బెజ్జాలు ముప్పై దాకా ఉన్నాయి. గిన్నెడు సున్నం ముద్ద కలిపి, చిన్న తాపీతో ఒక్కొక్కటీ పూడ్చడం మొదలుపెట్టింది. అయిదు పూడ్చేసరికి వెనక చెప్పుల చప్పుడైంది.

"బెజ్జాలు పూడ్చకూడదట," అంది మే ఫాంగ్, ఎవరితోనో అన్నట్టు. "బిడ్డ ముక్కు పూడుకుపోతుందట."

"ఎవరన్నారు?"

"ఆయన."

"వాడికి ఇవన్నీ ఎప్పట్నించి తెలుసు? శాకాహారం తినాల్సిన రోజున పంది కాళ్ళు తిన్న మనిషి!"

"ఆయన్నే అడగండి." మే ఫాంగ్ వెళ్ళిపోయింది. ఈ ఇంటికొచ్చిన పదకొండేళ్ళలో ఆమె ఆడపడుచుని వదినా అని పిలిచింది కొత్తలో ఒక్క నెల. తర్వాత ఆ పిలుపు ఎక్కడ పోయిందో పోయింది. మాట్లాడాల్సి వస్తే గోడకో, గిన్నెకో చెప్పినట్టు చెబుతుంది.

పూడ్చిన అయిదు బెజ్జాల్లోంచీ గెక్ లాన్ మళ్ళీ సున్నం గోకి తీసేసింది. తీస్తున్నంత సేపూ ఒళ్ళు మండిపోతూనే ఉంది. సాయంత్రం గోడ కడుగుదామంటే తడి తగలకూడదన్నారు. పాత కిటికీ రెక్కలకి రంగు వేద్దామంటే రంగు వాసన పడదన్నారు. ఈ ఆజ్ఞలన్నీ తమ్ముడి నోట వస్తున్నాయి గానీ, తయారయ్యేది మరదలి బుర్రలోనేనని గెక్ లాన్‌కి ఏ సందేహమూ లేదు. ఫ్లాటు, ఫ్లాటు అని రెండేళ్ళుగా చెవిలో జోరీగలా పోరుతోంది మే ఫాంగే కదా. లిఫ్టు ఉన్న ఫ్లాటు, నున్నటి గచ్చు ఉన్న ఫ్లాటు, బల్లులు రాని ఫ్లాటు. కియట్ సెంగే ఆ మాట చెప్పాడు, ఒకటికి పదిసార్లు.

ఆ సాయంత్రమే ఇంకోటి కంటపడింది. సందు చివర బండి దగ్గర మే ఫాంగ్ నిలబడి ఐసు వేసిన బార్లీ నీళ్ళు తాగుతోంది. కడుపుతో ఉన్న ఆడది బార్లీ ముట్టుకోకూడదు. జారిపోతుందని భయం. పిల్లల్లేని గెక్ లాన్‌కే తెలిసిన సంగతి, పదకొండేళ్ళు పిల్లల కోసం తపించిన మనిషికి తెలీదా? గ్లాసు ఖాళీ చేసి, అడుగున ఉన్న గింజలు కూడా చెంచాతో తింది.

అబద్ధం, అనుకుంది గెక్ లాన్. ఆ అనుమానం రాగానే సిగ్గేసింది. మరుక్షణం సిగ్గు పోయి కోపం మిగిలింది.

బుధవారం పొద్దున్నే ఊదొత్తుల కొట్టుకి వెళ్ళింది. కొట్టు ముసలాయన గుయాన్‌కి అమ్మకం కంటే పంచాంగం చూడటమే ఎక్కువ. గర్భదేవత ఏ రోజు ఎక్కడుంటుందో పంచాంగంలో ఒక వరుస ఉంటుందని గెక్ లాన్‌కి తెలుసు. అది చూడమని అడిగితే గుట్టు బయటపడుతుంది. అందుకని, "పంచాంగం ఒకసారి ఇవ్వండి, నేనే చూసుకుంటా," అంది.

"దేనికి? నీకేం పెళ్ళా, పేరంటమా?"

"కప్పు మీద పెంకులు మార్చాలి. మంచి రోజు చూద్దామని."

"కప్పు నిరుడే అయిందన్నావు?"

"ఇంకా రెండు పెంకులు మిగిలాయి."

గుయాన్ కళ్ళద్దాల మీంచి చూశాడు గానీ పుస్తకం ఇచ్చాడు. చీమల్లాంటి అక్షరాలు. వేలు పెట్టి వరుస పట్టుకుంది. మంగళవారం బయట ఉత్తరాన, బుధవారం బయటే, గురువారం బయటే, శుక్రవారం కూడా బయటే. శనివారం నుంచి మాత్రం పదహారు రోజులు ఇంటి లోపల, పడగ్గదిలో.

అంటే ఈ మూడు రోజులూ దేవత ఇంట్లో లేదు! ఇంట్లో లేని దేవతకి ఇంట్లో కొట్టిన మేకు ఎలా తగులుతుంది? గెక్ లాన్ దాదాపు పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చింది. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన తమ్ముడికి, తను కాగితం మీద రాసుకొచ్చిన వరుస చూపించింది.

"మూడు రోజులు చాలురా. దూలం దించడం ఒక పూట, పలకలు ఒక పూట. శుక్రవారం చీకటి పడకుండా సుత్తి కడిగి పెట్టేస్తా. ముందు చీపురుతో గదంతా ఊడ్చి, దేవతా కాస్త తప్పుకోమ్మా అని దణ్ణం పెట్టుకునే మొదలుపెడతా."

కియట్ సెంగ్ ఆ కాగితం చదవలేదు. చారు గిన్నె దానిమీద పెట్టాడు.

"పుస్తకాన్ని నమ్మి నా బిడ్డ ప్రాణం మీదికి తేలేను."

"పుస్తకాన్ని నమ్మకపోతే ఇంక ఆ దేవతని మాత్రం ఎందుకు నమ్మడం? అదీ ఆ పుస్తకంలోదేగా!"

"అక్కా, వాదించకు. నీకు పిల్లల్లేరు. నీకు తెలీదు."

బల్ల అవతల మే ఫాంగ్ చటుక్కున తలెత్తి మొగుడి వైపు చూసింది. ఆ చూపు ఏంటో గెక్ లాన్‌కి అంతుపట్టలేదు. తనకి తగిలిన మాటని ఆనందించిందనే అనుకుంది. లేచి గిన్నెలన్నీ కుళాయి కింది తొట్టిలో పడేసింది. ఒకటి సొట్టపోయింది.

గురువారం నాడు తోడు దూలాన్ని భుజాన వేసుకుని వెనక సందులోకి మోసుకెళ్ళింది. కూల్చేసిన గిడ్డంగిలో దొరికిన చెంగాల్ చెక్క అది, ఇనుమంత గట్టిది. ఇంటి బయట రంపం పెడితే తప్పేముంది? రెండు స్టూళ్ళ మీద దాన్ని పెట్టి, ఒక కాలుతో తొక్కిపట్టి, చివర చెక్కింది. గోడలోని గూడు కొలత పుల్లతో తీసుకుంది. పుల్ల కంటే వెంట్రుకవాసి లావు ఉంచింది, బిగుతుగా దిగాలని. చెమట కళ్ళలోకి కారుతుంటే ఎదురింటామె కిటికీలోంచి తొంగి చూసింది.

"ఏంటమ్మా, ఇంట్లో చోటు లేదా? నడివీధిలో రంపపు కచేరీ పెట్టావు?"

"ఇంట్లో దుమ్ము ఎక్కువైపోతోంది."

"ఏడాది నుంచి లేని దుమ్ము ఇవాళ ఎక్కువైందా?"

గెక్ లాన్ నవ్వి ఊరుకుంది. నవ్వలేక మొహం నొప్పి పుట్టింది.

శుక్రవారం పొద్దున కియట్ సెంగ్ గిడ్డంగి పనికి వెళ్ళాడు, మే ఫాంగ్ బజారుకి బుట్ట పట్టుకెళ్ళింది. గెక్ లాన్ దూలాన్ని తాడుకట్టి పైకి లాగింది. ఒక చివర జాకీ మీద ఆనించి, రెండో చివర గోడ గూట్లోకి నెట్టింది. సగం దిగి ఆగిపోయింది. భుజంతో నెట్టింది. వీపు ఆనించి, కాళ్ళు అవతలి గోడకి తన్ని నెట్టింది. కదల్లేదు. ఇంకో నాలుగంగుళాలు. సుత్తితో మూడు దెబ్బలు పడితే దిగిపోయే పని.

దేవత ఇవాళ బయట ఉంది. ఇంట్లో మనిషి కూడా లేదు. అయినా చీపురు తెచ్చి గదంతా ఊడ్చింది. గోడవైపు చేతులు జోడించి, "తెలిసో తెలీకో," అని మొదలుపెట్టి, ఆ తర్వాత ఏమనాలో తోచక అక్కడికే ఆపింది. దూలం చివర పాత తువ్వాలు నాలుగు మడతలు వేసి చుట్టింది.

ధన్. ధన్. ధన్.

దూలం దిగింది. గోడలోంచి ఎర్రటి పొడి కాస్త రాలింది. ఎంత హాయిగా అనిపించిందంటే, ఆ కాసేపు ఇంకేదీ గుర్తు రాలేదు. ఆ తర్వాత నేలలేని చోటునుంచి కిందికి చూసింది. కింది గదిలో మంచం మీద మే ఫాంగ్ పక్కకి ఒత్తిగిలి పడుకుని ఉంది. బుట్ట మంచం పక్కనే ఉంది. ఎప్పుడొచ్చిందో ఏమో! కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

శనివారం తెల్లారి గెక్ లాన్ మొహం కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళేసరికి, కుళాయి దగ్గర మే ఫాంగ్ గొంతుక్కూర్చుని బట్టలు ఉతుకుతోంది. దుప్పటి. చీరిన లుంగీ ముక్క. తొట్టిలో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

గెక్ లాన్ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అబద్ధమనుకున్న అనుమానం, బార్లీ నీళ్ళు, వారం నుంచీ కడుపులో ఉడుకుతున్న కోపం, ఏదీ ఆ క్షణాన పనికిరాలేదు. మూడు దెబ్బలు మాత్రం గుర్తొచ్చాయి. తువ్వాలు చుట్టినా దెబ్బ దెబ్బే. పంచాంగంలో వరుస తప్పు చదివానేమో. కళ్ళద్దాలు లేకుండా చదివాను. శుక్రవారం బయట అన్నది పై గడిలోదో, కింది గడిలోదో. ఇలా అనుకుంటూనే తడి గచ్చు మీద మోకాళ్ళ మీద పడిపోయింది.

"నేనే చేశాను," అంది. "నిన్న కొట్టాను. మూడుసార్లు. నేనే చంపేశాను."

మే ఫాంగ్ ఉతకడం ఆపి ఆమె వైపు చూసింది. చాలాసేపు చూసింది. కుళాయి నీళ్ళు తొట్టి నిండి పొర్లిపోతున్నాయి. ఆ క్షణాన ఆమె నోరు మూసుకుని ఉంటే, గెక్ లాన్ బతికినంతకాలం ఆ భారం మోసేది, ఇల్లు విడిచిపెట్టేది, ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయేది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"లేవండి," అంది మే ఫాంగ్. "నా ముందు ఏడవకండి. చచ్చిందేమీ లేదు. ఉంటే కదా చావడానికి!"

"అంటే?"

"నెలనెలా వచ్చేదే వచ్చింది." దుప్పటిని కోపంగా పిండింది. "కడుపూ లేదు, కాకరకాయా లేదు."

గెక్ లాన్ లేవలేదు. కోపం తిరిగి రావడానికి కాస్త సమయం పట్టింది, వచ్చాక మాత్రం గట్టిగానే వచ్చింది. "నీకు నోరెలా వచ్చిందే? బిడ్డ పేరు చెప్పి అబద్ధమాడటానికి మనసెలా ఒప్పింది? ఒక ఫ్లాటు కోసం!"

"నాకు నోరొచ్చిందని ఎవరన్నారు? ఆ రోజు నేనేమైనా అన్నానా? ఒక్క మాటన్నానా? గుర్తు తెచ్చుకోండి."

గుర్తు తెచ్చుకుంది. రెండో నెల అన్నది కియట్ సెంగ్. మేకు కొట్టొద్దన్నది కియట్ సెంగ్. గొళ్ళెం వైపు చూస్తూ నిలబడింది మే ఫాంగ్.

"మీ తమ్ముడే అన్నాడు. అక్క ఇంక దేనికీ ఆగదు, దీనికి మాత్రం ఆగుతుందన్నాడు. నేను వద్దని కాళ్ళావేళ్ళా పడ్డాను. లేని కడుపు ఉందంటే ఎప్పటికీ రాదు, ఆ మాట మాత్రం నా మీద పెట్టొద్దని ఏడ్చాను. నువ్వేం చెప్పక్కర్లేదు, ఊరికే నిలబడు చాలన్నాడు." ఆమె దుప్పటిని ఇంకోసారి జాడించింది. "ఫ్లాటుకి దరఖాస్తు పెట్టింది తనే. నాకు ఫ్లాటు కావాలా అంటే కావాలి, ఎందుకు లేదంటాను? ఈ దుమ్ములో ఏ మనిషి బతుకుతుంది? కానీ ఇల్లు వదిలేస్తున్నానని మీకు చెప్పే దమ్ము ఆయనకి లేదు. ఇల్లు దానంతటదే పోవాలి. అక్క వల్ల కాలేదు అనిపించుకోవాలి. తన చేతికి మట్టి అంటకూడదు."

"నా సంగతి ఏమన్నాడు?" అంది గెక్ లాన్. సంఘం ఇచ్చిన ఇంటి పత్రంలో పేరు అతనిది. సంఘం కొడుకుల పేర్లే రాస్తుంది. అతను కదిలితే ఈ ఇంట్లో ఆమె ఎవరూ కాదు.

"ఫ్లాటులో రెండే గదులు. మీ అక్క ఎక్కడుంటుందని అడిగాను. 'అక్క సర్దుకుంటుందిలే' అన్నాడు."

గెక్ లాన్ తడిసిన మోకాళ్ళతో లేచి నిలబడింది. మరదలి మీద పదకొండేళ్ళుగా పేర్చిపెట్టుకున్న కోపం ఇప్పుడు ఎటు పోవాలో తెలియక గుండెల మీదే కూర్చుంది. ఈమె మీద ఇష్టం మాత్రం పుట్టలేదు. అంత సులువుగా పుట్టదు కూడా. కుళాయి కట్టేసి మేడెక్కింది.

శనివారం రోజంతా పనిచేసింది. కియట్ సెంగ్ గిడ్డంగి నుంచి వచ్చేలోపు తోడు దూలానికీ పాత దూలానికీ బోల్టులు బిగించింది. పలకల అంచులు చిత్రిక పట్టింది. అతను వచ్చి, పైనుంచి రాలిన చెక్కపొట్టు చూసి, "ఇదేంటి?" అన్నాడు. "ఊడుస్తున్నా," అంది. తమ్ముడి మొహంలోకి చూడలేకపోయింది. చూస్తే ఏమంటుందో తనకే భయంగా ఉంది.

ఆదివారం కియట్ సెంగ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని బూన్ టెక్ తాతని తీసుకురావడానికి సంఘం మందిరానికి బయల్దేరాడు. గుమ్మంలో ఆగి, "అక్కా, ఆయనకి నేను నచ్చజెప్తాలే. నువ్వు బాధపడకు," అన్నాడు. ఎంత మంచి తమ్ముడు!

అతను సందు మలుపు తిరగగానే గెక్ లాన్ సుత్తి తీసింది. నాలుగు పలకలు గబగబా పడ్డాయి. అయిదోది మొండికేసింది. ఎనభై ఏళ్ళ పలక, ఏడాదిగా గోడకి ఆనించి ఉంచడంతో విల్లులా వంగింది. దాన్ని పక్క పలకకి చేర్చి బిగించాలంటే గడ్డపార మొన దూలంలో గుచ్చి, రెండు చేతుల్తో బలంకొద్దీ వెనక్కి లాగి పట్టుకోవాలి. లాగి పడితే సందు మూసుకుంటోంది. కానీ అప్పుడు మేకు కొట్టడానికి చెయ్యి ఖాళీగా లేదు. గడ్డపార వదిలి సుత్తి అందుకునేలోగా పలక మళ్ళీ తెరుచుకుంటోంది. మూడుసార్లు ప్రయత్నించింది. నాలుగోసారి ఆమె నోట్లోంచి బూతు వచ్చింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. మే ఫాంగ్ పైకి వచ్చి, ఒక నిమిషం చూసి, చెప్పులు విడిచింది. వంగి సుత్తి తీసుకుంది.

"మీ కోసం కాదు," అంది.

"నేనేమైనా అడిగానా?"

"ఎక్కడ కొట్టాలి?"

"చిల్లు పొడిచే ఉంది, చూడు. అందులో నిలబెట్టు. తిన్నగా పట్టుకో, వంగితే పీకలేం."

గెక్ లాన్ గడ్డపార లాగి పట్టింది. మే ఫాంగ్ మొదటి దెబ్బ మేకు పక్కన పడింది, రెండోది తన వేలి మీద పడింది. అబ్బా అనలేదు. వేలు నోట్లో పెట్టుకుని తీసి మూడోది కొట్టింది, ఈసారి తగిలింది. దెబ్బదెబ్బకీ ఆమె పళ్ళు బిగుసుకుంటున్నాయి. అంత ఊపు అవసరం లేదు ఆ మేకుకి. అయిదో పలక అయింది, ఆరోది అయింది. ఏడోది సగంలో ఉండగా కింద వీధి తలుపు తెరుచుకుంది.

"వస్తున్నారు," అంది గెక్ లాన్. "ఇటివ్వు సుత్తి."

మే ఫాంగ్ ఇవ్వలేదు. ఇంకో మేకు నిలబెట్టింది.

మెట్ల మీద ముందు చేతికర్ర టకటకలాడింది, తర్వాత బూన్ టెక్ తెల్లటి తల కనిపించింది, వెనక కియట్ సెంగ్. ముసలాయన చివరి మెట్టు మీద కొయ్యబారిపోయాడు.

"అయ్యయ్యో! అమ్మాయ్! ఏంటమ్మా ఆ పని? దించు, సుత్తి దించు! కడుపుతో ఉండి మేకు కొడతావా!"

మూడు నెలలు నిండకుండా ఎవరికీ చెప్పకూడదన్న మాట గెక్ లాన్ చెవుల్లో ఇంకా ఉంది. ఆమె తమ్ముడి వైపు చూసింది. అతను మెట్ల పిట్టగోడ పట్టుకున్నాడు.

"ఎవరు తాతగారూ కడుపుతో ఉంది?" అని అడిగింది మే ఫాంగ్. గొంతు పెంచలేదు.

"నువ్వేనని మీ ఆయనే అన్నాడు కదమ్మా! శుక్రవారం మందిరానికొచ్చి చెప్పాడు. పని ఆగిపోయింది, ఇల్లు వదిలేస్తాం, ఖాళీ చెయ్యడానికి నెల రోజులివ్వండి అన్నాడు. నేను కూడా సంతోషించి..." బూన్ టెక్ మాట మధ్యలోనే నెమ్మదించింది. ముసలివాడే గానీ తెలివి తక్కువవాడు కాదు. ఒకసారి సుత్తి వైపు చూశాడు, ఒకసారి వెనక్కి తిరిగి కియట్ సెంగ్ వైపు చూశాడు.

"లేదు తాతగారూ," అంది మే ఫాంగ్. "నాకు కడుపు లేదు. ఎప్పుడూ రాలేదు."

ఆ మాట తన నోటితో, పరాయి మగవాడి ముందు చెప్పాల్సి వచ్చినందుకు ఆమె చెవులు ఎర్రబడ్డాయి. తల మాత్రం వంచలేదు. వంచి ఉంటే గెక్ లాన్‌కి ఇంకా బాధేసేది.

బూన్ టెక్ కర్రతో పలకల మీద తడుతూ గదంతా నడిచాడు. కొత్తగా దూలం దించిన చోట ఆగి, మడమతో రెండుసార్లు గట్టిగా తొక్కాడు. కిర్రుమని కూడా అనలేదు. గోడ మీద అరచెయ్యి ఆనించి, సున్నం చల్లదనం చూశాడు.

"పనివాడెవడు?"

కియట్ సెంగ్ ఇస్త్రీ చొక్కా అంచు సరిచేసుకున్నాడు.

"నేనే," అంది గెక్ లాన్.

ముసలాయన తలూపి, గడువు నాటికని ముందే రాయించి ఉంచిన పత్రం జేబులోంచి తీశాడు. "అయిదేళ్ళకి. రూలు రూలే కాబట్టి సంతకం కొడుకుదే కావాలి." పత్రాన్ని, పెన్నుని కియట్ సెంగ్ ముందు పెట్టాడు. "వదిలేస్తామన్న మాట మందిరంలో అన్నావు. ఇప్పుడు వీళ్ళ ముందు అను, వెళ్ళిపోతా. అనలేకపోతే పెట్టు."

కియట్ సెంగ్ పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. అక్క వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఇద్దరిలో ఒక్కరు అరిచినా, ఒక్కరు ఏడ్చినా అతనికి దారి దొరికేదే. ఇద్దరూ నోరు విప్పలేదు. కిటికీ చెక్కకి పత్రం ఆనించి సంతకం పెట్టాడు. బూన్ టెక్ దాన్ని ఊది ఆరబెట్టి, జేబులో వేసుకుని, కర్ర టకటకలాడించుకుంటూ మెట్లు దిగిపోయాడు.

గెలిచానని గెక్ లాన్‌కి అనిపించలేదు. అయిదేళ్ళూ ఆ సంతకం వాడిదే. ఈ నేల కింద దూలం తను దించింది, ఈ నేల మీద తను ఉండటం మాత్రం వాడి దయ. రేపు మళ్ళీ ఏ మందిరానికి వెళ్ళి ఏ మాట చెబుతాడో ఎవరికి తెలుసు? కానీ ఇకమీదట వాడు చెప్పే మాటలు ఈ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళ చెవిన పడతాయి, వేర్వేరుగా కాదు.

వీధి తలుపు మూసుకున్న చప్పుడు వినిపించాక కియట్ సెంగ్ మెల్లిగా అన్నాడు. "నలుగురిలో నా పరువు తీశారు."

ఏడో పలక సగం బిగిసి, ఇటు చివర బెత్తెడు లేచి ఉంది.

"అక్కా, నేను చెప్పేది..."

"చెప్పులు విప్పి ఇటు రా," అంది గెక్ లాన్. "ఈ చివర నిలబడు. పలక లేస్తోంది, బరువు కావాలి."

అతను చెప్పులు విప్పి, ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడుచుకుని, వచ్చి పలక మీద నిలబడ్డాడు. పలక కిందికి దిగింది. గెక్ లాన్ గడ్డపార గుచ్చి వెనక్కి లాగింది.

మే ఫాంగ్ మోకాళ్ళ మీద కూర్చుని, అతని బొటనవేలికి అంగుళం దూరంలో మేకు నిలబెట్టింది.

"కదలకు," అని సుత్తి ఎత్తింది.